ఊళ్లో గేదె... స్విండన్‌లో బెంగ

ఆదివారం తెల్లవారుజామున ఫోన్ మోగితే ఇక్కడున్న మనవాళ్లెవరికైనా ముందు గుండె ఝల్లుమంటుంది. నవంబరు నెల, బయట ఇంకా చీకటి. ఇక్కడ ఆరున్నర అంటే కోనసీమలో మా ఊళ్లో సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు. నాన్నకేమైనా అయిందేమో అనుకుంటూ ఫోన్ ఎత్తాను.

"ఒరే నాన్నా, గేదె మేత ముట్టట్లేదురా" అంది అమ్మ.

అమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత అలా అనుకున్నందుకు సిగ్గేసింది. ఎందుకంటే అది ఉత్త గేదె కాదు. రెండేళ్ల కిందట స్విండన్‌లో గోడౌన్‌లో రాత్రి షిఫ్టులు, ఆదివారం ఓవర్‌టైములు చేసి పంపిన డబ్బుతో కొన్న ముర్రా గేదె. రెండో ఈత. పూటకు ఐదు లీటర్లు ఇచ్చేది. ఇంట్లోకి పోను మిగిలినవి కేంద్రంలో పోస్తే వచ్చే డబ్బులతో నాన్న మందులు, కరెంటు బిల్లు, కిరాణా కొట్టు బాకీ గడిచిపోయేవి. "నువ్వు పంపే డబ్బు బ్యాంకులో ఉంటుంది, గేదె ఇచ్చే డబ్బు చేతిలో ఉంటుంది" అంటుంది అమ్మ. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మా బావమరిదీ అంతే. తొలి ఏడాది జీతంలో మిగిల్చిన డబ్బుతో వాళ్లమ్మకు గేదెనే కొనిచ్చాడు. మనలో ఇలాంటి వాళ్లు తక్కువేం కాదు.

అమ్మ చెప్పిన వివరాలు ఇవీ. నెల రోజులుగా పాలు తగ్గుతూ వచ్చాయి. పూటకు ఐదు లీటర్లు కాస్తా రెండున్నరకు దిగింది. ఒకరోజు పారుకుంటుంది, ఇంకోరోజు పేడ గట్టిపడుతుంది. డొక్కలు లోపలికి పోయాయి. వెంట్రుకలు బిరుసెక్కాయి. ఎదకు రావాల్సిన సమయం దాటిపోయింది. మొదట మందుల షాపులో అడిగితే "నట్టలుంటాయి" అని బిళ్లలిచ్చారు. పది రోజులు చూశారు. లాభం లేదు. తర్వాత ఊళ్లో మందులేసే ఒకాయన వచ్చి, "ఇది అన్నిటికీ పనిచేస్తుంది" అని ఖరీదైన సూది వేసి వెళ్లాడు. అదీ అయింది. ఇప్పుడు దవడ కింద వాపు వచ్చింది.

వాట్సాప్‌లో ఫోటో పెట్టమన్నాను. దవడ కింద నీళ్ల సంచి వేలాడుతున్నట్టుంది.

ఆ మర్నాడు షిఫ్టు మధ్య టీ తాగుతుంటే ఫోటో చూస్తూ కూర్చున్నాను. పక్కన కూర్చునే తెల్లాయన, అరవై ఏళ్ల మనిషి, ఫోన్ వైపు తొంగిచూశాడు. ఆయన అన్నదమ్ములు క్రిక్లేడ్ దగ్గర పాడి పెట్టుకున్నవాళ్లు, చిన్నప్పుడు ఈయనా పాలు పితికినవాడే. ఫోటో చూసీ చూడగానే "బాటిల్ జా" అన్నాడు. దవడ కింద సీసా కట్టినట్టుంటుందని వీళ్లు దానికి పెట్టుకున్న పేరు అది. "పేడ పరీక్ష చేయించారా? నాకు ఫ్లూక్ అనిపిస్తోంది" అన్నాడు.

ఫ్లూక్ అంటే ఏమిటో నాకు తెలీదు. సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి, కాస్త పేడ డబ్బాలో వేసుకుని మండలంలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. డాక్టరుగారు మైక్రోస్కోపులో చూసి ఒక్క మాటలో తేల్చేశారట. "కార్జపు జలగ అమ్మా. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

ఆ మాట వినగానే చిన్నప్పుడు విన్నట్టే ఉంది. కార్జపు జలగ. కానీ జలగంటే మనకు తెలిసింది చెరువులో కాలికి పట్టేది. ఇది ఆ జలగ కాదు. ఆకులాగా పల్చగా ఉండే పురుగు. పశువు కాలేయంలో, పైత్యరసం పారే గొట్టాల్లో కాపురం పెడుతుంది. ఇంగ్లండులో గొర్రెలకూ ఆవులకూ వచ్చే రకం రెండు మూడు సెంటీమీటర్లుంటుంది. దాన్ని ఫాసియోలా హెపాటికా అంటారు. మన గేదెలకు ఎక్కువగా వచ్చేది దాని అన్న, ఫాసియోలా జైగాంటికా. అది ఏడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మన చూపుడువేలంత పొడుగన్నమాట. అలాంటివి పదులకొద్దీ కాలేయంలో ఉంటే గేదె పాలెక్కడినుంచి ఇస్తుంది?

థేమ్స్ గట్టున నత్తల కథ

ఆ శనివారం సెలవు. ఆ పెద్దాయన "రా, చూపిస్తాను" అని కారులో క్రిక్లేడ్ తీసుకెళ్లాడు. స్విండన్‌కు ఉత్తరంగా ఎనిమిది మైళ్లు. లండన్‌లో మహా నదిలా కనపడే థేమ్స్ అక్కడ మన పంటకాలువ కన్నా పెద్దదేమీ కాదు. అక్కడే నార్త్ మెడో అని జాతీయ ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రకటించిన పచ్చిక మైదానం ఉంది. చలికాలంలో నీళ్లలో మునుగుతుంది. వేసవిలో గడ్డి కోసి ఎండేస్తారు. ఆగస్టు 12 నుంచి ఫిబ్రవరి 12 దాకా పశువుల్ని మేపుకునే హక్కు ఊరివాళ్లదని పాతకాలం నుంచీ వస్తున్న కట్టుబాటు. మనవాళ్లు ఏప్రిల్‌లో అక్కడి గళ్లగళ్ల పూలు చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్తుంటారు, ఫోటోలు దిగుతుంటారు. నేనూ వెళ్లాను. ఆ రోజున నేల వైపు చూడాలని మాత్రం తోచలేదు.

ఈసారి పెద్దాయన దారి పక్కన ఒక పొలంలో గేటు దగ్గర ఆగాడు. పశువుల గిట్టలు దిగబడి గుంటలు పడిన చోట, బురదలో వంగి ఏదో ఏరి అరచేతిలో పెట్టాడు. నత్త. గోరంత కూడా లేదు. గోధుమ రంగు. "ఇదీ దొంగ" అన్నాడు. ఫలానా పొలంలో జలగ ఉందని ఆయన అనలేదు. ఈ నత్త ఉన్న తడినేల ఎక్కడున్నా అనుమానించాల్సిందే అన్నాడు.

ఆ నత్త లేకపోతే ఈ జబ్బే లేదు. జరిగేది ఇదీ. కాలేయంలో ఉన్న జలగ రోజుకు వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పైత్యంతో కలిసి పేగుల్లోకి, అక్కడినుంచి పేడలోకి వస్తాయి. పేడ నీళ్లలో పడితే, వాతావరణం పది డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటే గుడ్డు పొదుగుతుంది. అందులోంచి వచ్చిన కంటికి కనపడని పిల్ల ఒక్క రోజు లోపల నత్తను వెతుక్కోవాలి. దొరక్కపోతే చచ్చిపోతుంది. దొరికిందా, నత్త ఒంట్లోకి దూరి అక్కడ ఒకటి పదై, పది వందలవుతుంది. ఒక్క పిల్ల దూరిన నత్త లోంచి కొన్ని వందల తోక పిల్లలు బయటికొస్తాయి. అవి ఈదుకుంటూ గడ్డి పరకనో, వరి దుబ్బునో పట్టుకుని తోక వదిలేసి, చుట్టూ గట్టి పెంకు కట్టుకుని కూర్చుంటాయి. ఆ గడ్డిని పశువు తింటుంది.

కడుపులో పెంకు విడిపోతుంది. పిల్ల జలగ పేగు గోడకు చిల్లు పెట్టుకుని కాలేయం చేరి, ఆరు నుంచి ఎనిమిది వారాలు దాన్ని తొలుచుకుంటూ తిరుగుతుంది. తర్వాత పైత్యనాళంలో స్థిరపడి రక్తం పీలుస్తూ గుడ్లు మొదలుపెడుతుంది. గడ్డి తిన్న రోజు నుంచి పేడలో గుడ్లు కనపడే దాకా పది పన్నెండు వారాలు, మన జైగాంటికాకు ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే మూడు నెలల పాటు లోపల ఇల్లు కూలుతున్నా పేడ పరీక్షలో ఏమీ కనపడకపోవచ్చు. గొర్రెలైతే ఈలోపే ఉన్నట్టుండి చచ్చిపోతాయి. గేదె చావదు. ఎండిపోతుంది. అందుకే మనవాళ్లు జబ్బని అనుకోరు, దిష్టి అంటారు, మేత చాల్లేదంటారు, కొన్నప్పుడే మోసపోయామంటారు. మా అమ్మ ముందు ఎండుమిరపకాయలు దిష్టి తీసింది. ఆ తర్వాతే మందుల షాపుకెళ్లింది.

ఈ నత్త గుట్టు విప్పింది స్విండన్‌కు ముప్పై మైళ్ల దూరంలోనే. అదే థేమ్స్ దిగువన, ఆక్స్‌ఫర్డ్‌లో. 1879-80లో తెగ వానలు పడి ఇంగ్లండు, వేల్స్‌లో ఈ జలగ వల్ల దాదాపు 30 లక్షల గొర్రెలు పోయాయి. రైతులు గగ్గోలు పెడితే రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ పరిశోధనకు డబ్బిచ్చింది. ఎ.పి. థామస్ అనే పాతికేళ్లు నిండని కుర్రాడు ఆ పని చేపట్టాడు. ఏ నత్తలో పెరుగుతోందో కనిపెట్టి 1883 నాటికి మొత్తం చక్రం రాసి పెట్టాడు. అదే సమయంలో జర్మనీలో లైప్‌జిగ్‌లో రుడాల్ఫ్ లాయికార్ట్ కూడా విడిగా అదే తేల్చాడు. ఒక పురుగు బతకడానికి నత్త కావాలని ఇంత వివరంగా రుజువైంది అప్పుడే. థామస్ తర్వాత న్యూజిలాండ్‌లో ఆక్లండ్ వెళ్లి ప్రొఫెసరయ్యాడు. ఆయనా ప్రవాసే అనుకోండి.

స్విండన్ చుట్టుపక్కల భూమిని చూస్తే ఆ కథ ఇంకా బాగా అర్థమవుతుంది. దక్షిణాన మార్ల్‌బరో వైపు సుద్దరాయి గుట్టలు. నీళ్లు నిలవవు. గొర్రెల మంద ఎన్నాళ్లు మేసినా భయం లేదు. ఉత్తరాన బంకమట్టి పల్లం. ఎప్పుడూ తడే. పాడి, జున్ను అక్కడ. విల్ట్‌షైర్ వాళ్లు తమ జిల్లాను సుద్ద దేశం, జున్ను దేశం అని రెండుగా చెప్పుకునేవాళ్లు. జలగకు ఏది ఇష్టమో చెప్పక్కర్లేదు. మా కోనసీమలో సుద్ద గుట్టలు లేవు. అంతా జున్ను దేశమే.

మందు వేశారు, కానీ ఏ మందు?

నాకు కోపం వచ్చిన సంగతి ఇది. అమ్మ రెండుసార్లు డబ్బు పెట్టి మందు వేయించింది. రెండూ ఈ జలగకు పనికిరానివే. మన ఊళ్లలో "నట్టల మందు" అంటే ఒకే మందు అనుకుంటాం. కాదు. ఏలికపాములకు వేసే ఫెన్‌బెండజోల్, లెవామిసోల్ కార్జపు జలగను ఏమీ చెయ్యవు. గోమార్లకు, పేలకు, పాములకు అన్నిటికీ పనిచేస్తుందనే ఐవర్‌మెక్టిన్ సూది కూడా దీని జోలికి పోదు. ఆల్బెండజోల్ ఎక్కువ మోతాదులో ఇస్తే పెద్ద జలగల్ని చంపుతుంది, పిల్ల జలగల్ని చంపదు, పైగా చూడి తొలి నెలలో ఇస్తే పిండానికి ప్రమాదం. ఆక్సిక్లోజనైడ్ పెద్ద జలగల్ని, పొట్ట జలగల్ని చంపుతుంది. ట్రైక్లాబెండజోల్ ఒక్కటే పెద్దవాటితో పాటు కాలేయం తొలుస్తున్న పిల్లల్ని కూడా చంపుతుంది. అయితే అది పొట్ట జలగల మీద పనిచెయ్యదు. కాబట్టి పేడలో ఏ గుడ్లున్నాయో చూడకుండా మందు చెప్పడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

గుడ్లు చూడ్డంలోనూ కిటుకుంది. పాముల గుడ్లు ఉప్పునీళ్లలో పైకి తేలతాయి. జలగ గుడ్లు బరువు, అడుగుకు దిగుతాయి. పేడను నీళ్లలో కలిపి వడకట్టి, తేర్చి, అడుగు మడ్డి చూడాలి. కార్జపు జలగ గుడ్డు పసుపుపచ్చగా, బంగారు రంగులో ఉంటుంది. పొట్ట జలగ గుడ్డుకు ఆ రంగుండదు. మా డాక్టరుగారు అమ్మను కూడా మైక్రోస్కోపులో చూడమన్నారట. "పచ్చగా నువ్వుగింజల్లా ఉన్నాయిరా, ఇవా నా గేదెను తిన్నవి" అంది అమ్మ.

దవడ వాపు గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. గొంతువాపు జబ్బు వేరు. అందులో ఒళ్లు కాలిపోయే జ్వరం, వేడిగా నొప్పిగా ఉండే వాపు, గురక, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అలా ఉంటే ఫోటోలు పంపుకుంటూ కూర్చోకుండా గంటల మీద డాక్టర్ని పిలవాలి. జలగ వల్ల వచ్చే వాపు చల్లగా ఉంటుంది, నొక్కితే సొట్ట పడుతుంది. రక్తంలో మాంసకృత్తులు తగ్గిపోయి నీరు దిగడమే అది. కంటి రెప్ప లోపల చూస్తే ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఇది వీడియో కాల్‌లో కూడా చూడొచ్చు. నేను చూశాను. తెల్ల కాగితంలా ఉంది.

డాక్టరుగారు టేపుతో ఛాతీ చుట్టుకొలత తీసి, బరువు లెక్కగట్టి, ట్రైక్లాబెండజోల్ తాగించారు. బరువు ఊహించి తక్కువ పోస్తే పురుగు చావదు, మందుకు అలవాటు పడుతుంది. ఇది ఉత్త మాట కాదు. ఈ మందుకు లొంగని జలగలు 1995లో ఆస్ట్రేలియాలో, 1998లో బ్రిటన్‌లో బయటపడ్డాయి. ఇక్కడ గొర్రెల రైతులకు ఇప్పుడు అదే పెద్ద తలనొప్పి. మందు వేశాక మళ్లీ పేడ పరీక్ష చేయించి, పనిచేసిందో లేదో చూసుకోమంటారు.

అప్పుడు అమ్మ ఒక ప్రశ్న వేసింది. "మందేశాక పాలు పొయ్యొద్దంటున్నారురా. పొయ్యకపోతే ఈ నెల ఎలా?" ఇక్కడి రైతుకైతే ఇది ప్రశ్నే కాదు. పాలిచ్చే ఆవుకు జలగ మందుల్లో చాలావాటిని వేయనివ్వరు, వట్టిపోయిన రోజుల్లోనే వేసుకుంటారు. వేసినా సీసా మీద రాసినన్ని రోజులు పాలు పారబొయ్యాల్సిందే. మన ఊళ్లో ఎవరు చూడొచ్చారు? పక్కింటివాళ్లెవరూ పారబొయ్యలేదని అమ్మ అంది. ఆ పాలు తాగేది మన ఊరి పసిపిల్లలే కదమ్మా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "సరే, నువ్వు పంపు" అంది. ఆ నెల మామూలు కన్నా కాస్త ఎక్కువ పంపాను.

కాలువ గట్టు గడ్డి

మందు ఒక్కటే చాలదు. గేదె మళ్లీ అదే గడ్డి తింటే మళ్లీ మొదలే. మా గేదె ఎక్కడ మేస్తుందో గుర్తు తెచ్చుకున్నాను. మురుగుకాలువ గట్టు, వరి కోశాక తడారని మడి, ఊరి చెరువు అంచు. వానాకాలంలో నత్తలు పెరుగుతాయి. తర్వాత నీళ్లు తీస్తున్న కొద్దీ చెరువు అంచున పచ్చగడ్డి బయటపడుతుంది, ఎండలు ముదిరేసరికి పచ్చగా ఉండేది అదొక్కటే. పశువులన్నీ అక్కడికే చేరతాయి. పెంకు కట్టుకున్న పిల్లలూ అక్కడే ఉంటాయి. అందుకే మన వైపు వానలకు ముందొకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి మందు వెయ్యమంటారు.

ఇండోనేషియాలో పశ్చిమ జావా వరి రైతుల దగ్గర దీని మీద మంచి పరిశోధనే జరిగింది. పశువుల కొట్టాలకు ఆనుకుని ఉన్న మడుల్లోకే పచ్చిపేడ కొట్టుకుపోయి, అక్కడి నత్తలకే ఎక్కువ అంటుతోందని తేలింది. అలాంటి మడిలో గడ్డి కోస్తే నీళ్లలో మునిగిన అడుగు భాగం వదిలేసి పై భాగం కొయ్యమన్నారు. కోసింది బాగా ఎండబెట్టి వెయ్యమన్నారు. పెంకు పురుగు ఎండకు ఆగదు. బాతుల కొట్టం నీళ్లు అదే మడిలోకి వదిలితే ఇంకా మేలన్నారు. బాతుల్లో ఉండే వేరే జలగ పిల్లలు ముందే నత్తలోకి దూరి, పశువు జలగను అక్కడ నిలవనివ్వవట. జలగను జలగతోనే కొట్టడం! మా వైపు కోత మడుల్లోకి బాతుల మందలు తోలేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. నత్తల్ని తినడం సరే, ఇంకో మేలు కూడా చేస్తున్నాయేమో.

ఇక్కడి రైతులకు మరో చిక్కు కూడా ఉంది. విల్ట్‌షైర్ వైపు ఆవుల్లో క్షయ ఎక్కువ. ఆ పరీక్ష చర్మం మీద సూదితో చేస్తారు. కాలేయంలో జలగలున్న ఆవుల్లో ఆ పరీక్ష సరిగ్గా పట్టకపోవచ్చని 2012లో ఇంగ్లండు, వేల్స్ పాడి మందల మీద వచ్చిన అధ్యయనం చెప్పింది. ఈ మాట పెద్దాయనే చెప్పాడు, కాస్త చిరాగ్గా.

మనుషులకూ వస్తుందా అని మా ఆవిడ అడిగింది. వస్తుంది. పశువు నుంచి నేరుగా అంటదు, పాల వల్ల రాదు, ఉడికించిన కార్జం తింటే రాదు. వాగుల్లో, తడి పచ్చికల్లో తనంతట మొలిచిన ఆకుకూరను పచ్చిగా తింటే వస్తుంది. ఇక్కడ వాగు పక్కన కనపడే వాటర్‌క్రెస్ అలాంటిదే. షాపులో అమ్మేది శుభ్రమైన నీళ్లలో పెంచింది, దానికి భయం లేదు. నడకకెళ్లి వాగులో కోసుకొచ్చి పచ్చడి చేద్దామనుకునే మన ఆడవాళ్లు మాత్రం ఆగాలి. ప్రపంచంలో కనీసం 24 లక్షల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు "పాలెన్నిస్తోంది" అని అడిగేవాళ్లం, "పేడ ఎలా వేస్తోంది" అని కూడా అడగడం మొదలుపెట్టాం, నేనూ మా బావమరిదీ. నవ్వుకోండి. వాడు కువైట్ నుంచి చెప్పి వాళ్ల గేదె పేడ కూడా పరీక్ష చేయించాడు. దానికి పొట్ట జలగలున్నాయి. మందు వేరే ఇచ్చారు. ఆసుపత్రి దూరమైతే సంచార పశు వైద్యానికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుంది. మీరిక్కడ్నించి చెయ్యక్కర్లేదు, ఇంట్లోవాళ్లచేత చేయిస్తే చాలు.

మా గేదె దవడ వాపు పన్నెండో రోజుకు తీసేసింది. పాలు పూటకు నాలుగు లీటర్ల దాకా వచ్చి ఆగాయి. ఐదు రాలేదు. తొలిచేసిన కాలేయం పూర్తిగా ఎప్పటిలా అవదని డాక్టరుగారు ముందే చెప్పారు. సంక్రాంతి వెళ్లాక ఎదకొచ్చింది, ఇంజక్షన్ చేయించారు. అమ్మ ఇప్పుడు కాలువ గట్టు గడ్డి కోసి మూడు రోజులు డాబా మీద ఎండేసి మరీ వేస్తోంది. "నీ చదువు సంగతేమో గానీ, గేదె డాక్టరువయ్యావురా" అంది మొన్న. పక్కింటావిడ గేదెకూ దవడ కింద ఏదో వాపున్నట్టుందట, ఫోటో పంపమన్నాను.